లా సీటుకు లెక్క ఫస్టియర్ నుంచే

(నల్గొండలో డిగ్రీ విద్యార్థుల ముందు, జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్న ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక్కసారి చేతులెత్తండి. ఫైనలియర్ వాళ్లు ఎంతమంది? సరే, దించండి. సెకండియర్? ఫస్టియర్? చూశారా, ఫస్టియర్ వాళ్లంతా వెనక వరుసల్లో కూర్చున్నారు. ఇది సీనియర్ల కోసం పెట్టిన మీటింగ్ అనుకొని ఉంటారు. నేను ముఖ్యంగా మీకోసమే వచ్చాను. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండమ్మా, రండి బాబూ.

లా చదవాలనుకునే పిల్లలు ప్రతి ఏడూ మా ఆఫీసుకు వస్తారు. ఎప్పుడు వస్తారంటే జూన్‌లో. ఆరో సెమిస్టర్ పరీక్షలు అయిపోయి, ఇంటి దగ్గర రెండు వారాలు ఉండి, ఇప్పుడేం చేద్దామని ఆలోచన మొదలయ్యాక వస్తారు. "మేడం, మంచి లా కాలేజీ ఏది?" అని అడుగుతారు. నేను ఢిల్లీ విశ్వవిద్యాలయం అంటాను, బెంగళూరు నేషనల్ లా స్కూల్ అంటాను. వాళ్ల కళ్లలో ఆశ కనిపిస్తుంది. "అప్లై ఎప్పుడు చేయాలి మేడం?" అంటారు. అప్పటికి ఆ తేదీలు పోయి నెలలవుతుంది. ఆ మాట చెప్పడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. ఆ పిల్లకు తెలివి ఉంది, మార్కులున్నాయి, ఓపిక ఉంది. తేదీ చెప్పేవాళ్లు లేరు, అంతే.

అందుకే మొదట తేదీల సంగతే చెప్తాను, రాసుకోండి. డిగ్రీ తర్వాత చేసేది మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. బీఏ, బీకాం, బీఎస్సీ, ఏది చదివినా చేయవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో క్యాంపస్ లా సెంటర్, లా సెంటర్-1, లా సెంటర్-2 అని మూడున్నాయి. అక్కడ లా చదువు 1924 నుంచి ఉంది. 2023 నుంచి ఆ సీట్లన్నీ సీయూఈటీ పీజీ అనే దేశవ్యాప్త ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారానే ఇస్తున్నారు. కాశీలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికీ అదే పరీక్ష. దానికి చలికాలంలోనే దరఖాస్తు పెట్టాలి, పరీక్ష మార్చి ప్రాంతంలో జరుగుతుంది. బెంగళూరు నేషనల్ లా స్కూల్ వాళ్లు 2022లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ మొదలుపెట్టారు. దాని పరీక్ష వేరు, పేరు ఎన్‌ఎల్‌శాట్. అందులో టిక్కు పెట్టే ప్రశ్నలతో పాటు సొంతంగా రాయాల్సిన భాగం కూడా ఉంటుంది. మన రాష్ట్రంలో లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్. అది మేలోనో జూన్‌లోనో ఉంటుంది, నోటిఫికేషన్ మాత్రం రెండు మూడు నెలల ముందే వస్తుంది. ఇప్పుడు లెక్క వేయండి. మీరు ఫైనలియర్‌లో ఐదో సెమిస్టర్ పరీక్షలు రాస్తూ ఉండగానే ఢిల్లీ ఫారం నింపాలి. డిగ్రీ పూర్తి కాకపోయినా ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు పరీక్ష రాయవచ్చు. ఆ సంగతి తెలియక, డిగ్రీ చేతికొచ్చాక చూద్దాంలే అని ఆగిపోయిన వాళ్లు ఎందరో నాకు తెలుసు.

లాసెట్ గురించి ఇంకొక్క మాట. 120 ప్రశ్నలు, గంటన్నర సమయం. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, లా చదవడానికి తగిన అవగాహన ఉందో లేదో చూసే ప్రశ్నలు 60. తప్పు రాస్తే మార్కు తగ్గదు. క్వాలిఫై కావడానికి 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే చాలు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ కనీస మార్కుల షరతు కూడా లేదు. ఇది విని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. క్వాలిఫై కావడం వేరు, ఉస్మానియా క్యాంపస్ కాలేజీలోనో, బషీర్‌బాగ్ లా కాలేజీలోనో, హన్మకొండలోని కాకతీయ లా కాలేజీలోనో కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు రావడం వేరు. అక్కడికి మంచి ర్యాంకు కావాలి. కన్వీనర్ సీటు వస్తే, అర్హత ఉన్నవాళ్లకు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్ ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. ఒక పేద ఇంటికి ఈ తేడా ఎంతో మీకు చెప్పక్కర్లేదు.

నా సంగతి చెప్తాను. మాది దేవరకొండ వైపు ఒక పల్లె. మా నాన్న మిర్యాలగూడలో రైస్‌మిల్లులో హమాలీ పని చేసేవాడు. నేను ఈ ఊళ్లోనే బీఏ చదివాను. సెకండియర్‌లో ఎకనామిక్స్ పోయింది. సప్లీ రాసుకోవచ్చులే అని వదిలేశాను. లాసెట్ రాస్తే ర్యాంకు బాగానే వచ్చింది, క్యాంపస్‌లో సీటు ఖాయమన్నారు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ రోజుకు నా డిగ్రీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి రాలేదు, ఎందుకంటే ఆ బ్యాక్‌లాగ్ రిజల్ట్ ఆలస్యమైంది. ఇంకొకటి, మా నాన్న పేరు నా పదో తరగతి మెమోలో ఒక రకంగా, కుల సర్టిఫికెట్‌లో ఇంకో రకంగా ఉంది. దాన్ని సరిచేయించడానికి ఒక ఆఫీసు చుట్టూ తొమ్మిదిసార్లు తిరిగాను. నాన్న తొమ్మిదిసార్లూ కూలి వదులుకుని నాతో వచ్చాడు. పదోసారి పని అయింది. అప్పటికి కౌన్సెలింగ్ అయిపోయింది.

ఒక సంవత్సరం పోయింది. అందుకే చెప్తున్నాను, ఈ సాయంత్రం ఇంటికి వెళ్లి మీ పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, కుల సర్టిఫికెట్ నాలుగూ మంచం మీద పరిచి పక్కపక్కన పెట్టి చూడండి. మీ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే మార్పించుకోండి, మీకు రెండేళ్ల టైం ఉంది. బీసీ పిల్లలు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. మన మీసేవలో ఇచ్చే మామూలు బీసీ సర్టిఫికెట్ ఢిల్లీ సీటుకు పనికిరాదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే బీసీల్లో బాగా ఉన్న కుటుంబం కాదని చెప్పే కాగితం అడుగుతారు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ అయితే ఆర్థిక సంవత్సరం మారినప్పుడల్లా కొత్తది తీసుకోవాలి. ఇవి విసుగు పుట్టించే పనులు. కానీ నేను కళ్లారా చూసిన దాంట్లో, మన జిల్లా పిల్లలకు సీట్లు పోయింది ప్రశ్నపత్రం దగ్గర తక్కువ, కాగితాల దగ్గర ఎక్కువ.

మార్కుల సంగతి కూడా. లాసెట్‌కు డిగ్రీలో జనరల్ వాళ్లకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 ఉండాలి. ఢిల్లీకి జనరల్ కేటగిరీలో 50 అడుగుతారు. ఫస్టియర్‌లో ఆడుతూ పాడుతూ 40లు తెచ్చుకుంటే, ఫైనలియర్‌లో ఎంత ముక్కినా మొత్తం శాతం లేవదు. అలాగే ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లకు లాలో ప్రవేశం ఉండదు. మీ అన్నలు, అక్కలు ఎవరైనా అలా ప్లాన్ చేస్తుంటే చెప్పండి. ఎల్‌ఎల్‌బీ దూరవిద్యలో కూడా ఉండదు, కాలేజీకి వెళ్లి చదవాల్సిందే.

ఆ పోయిన ఏడాది నేను కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో పని చేశాను. నాకు చట్టం మొదట అర్థమైంది అక్కడే. ఒకరోజు ఒక పెద్దాయన వచ్చాడు. పంచె కొంగులో ప్లాస్టిక్ కవరు, దాంట్లో మడతలు పెట్టిన తెల్లకాగితం. మడతల దగ్గర కాగితం చిరిగి, వెనక నుంచి అన్నం మెతుకులతో అంటించి ఉంది. సాదాబైనామా. రిజిస్ట్రేషన్ లేకుండా, రెండెకరాల చెలక కొన్నట్టు రాసుకున్న కాగితం. కింద అమ్మినాయన వేలిముద్ర, సిరా పాలిపోయి ఊదా మరకలాగా మిగిలింది. "భద్రం బిడ్డా, నాకు ఇదొక్కటే ఉన్నది" అన్నాడు. గాజు మీద పెట్టేటప్పుడు నా చేతులు వణికాయి. అది చిరిగితే ఆయన భూమి చిరిగినట్టే అనిపించింది.

మీలో ఎంతమంది ఇళ్లలో సాదాబైనామా ఉంది? చూశారా, సగం చేతులు లేచాయి. అయితే ఇప్పుడే ఒక పాఠం చదువుదాం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ఏమంటుందంటే, వంద రూపాయలు, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తి మీద హక్కు మార్చే పత్రం రిజిస్టర్ కావాలి. 49వ సెక్షన్ ఏమంటుంది? రిజిస్టర్ కావాల్సిన పత్రం రిజిస్టర్ కాకపోతే దాని వల్ల ఆ ఆస్తి మీద హక్కు రాదు, ఆ లావాదేవీకి సాక్ష్యంగానూ తీసుకోరు. ఇక్కడిదాకా చదివి చాలామంది ఆగిపోతారు, పెద్దాయన పని అయిపోయిందంటారు. కానీ అదే సెక్షన్ కింద "అయితే" అని ఒక మాట మొదలవుతుంది. ఒప్పందం ప్రకారం అమ్మకం పూర్తి చేయమని వేసే దావాలో ఆ ఒప్పందం జరిగిందని చూపడానికి, ఇంకా రిజిస్ట్రేషన్ అవసరం లేని అనుబంధ విషయాలను చూపడానికి ఆ కాగితాన్ని చూడవచ్చు అంటుంది. ఫలానా రోజు నుంచి భూమి ఎవరి స్వాధీనంలో ఉంది అన్నది అలాంటి విషయం. పెద్దాయన చేతిలో కాగితం హక్కు పత్రం కాకపోవచ్చు, కానీ చెత్త కూడా కాదు. ఎంతవరకు పనికొస్తుందో ఆ "అయితే" చెప్తుంది. ఆ ఒక్క మాట దాకా ఓపికగా చదివినవాడే లాయరవుతాడు. లా కాలేజీ ప్రవేశ పరీక్షల్లో మిమ్మల్ని పరీక్షించేదీ ఇదే. ఒక పేరా ఇస్తారు, ఒక నియమం ఇస్తారు, దాని కింద మినహాయింపు ఉంటుంది, ఒక సంఘటన ఇస్తారు. నియమం వర్తిస్తుందా, మినహాయింపు వర్తిస్తుందా, అది అడుగుతారు.

ఇలా చదవడం మూడు నెలల కోచింగ్‌లో రాదు. నేను కోచింగ్‌కు వ్యతిరేకం కాదు, డబ్బులుంటే వెళ్లండి. అప్పు చేసి మాత్రం వెళ్లకండి. అంతకన్నా ముందు రోజుకు గంట పెట్టుకోండి, మూడేళ్లు. మొదటి ఏడాది ఇలా చేయండి: పొద్దున తెలుగు పేపర్‌లో ఒక వార్త చదవండి. అదే వార్త ఇంగ్లిష్ పేపర్‌లో వెతికి చదవండి. విషయం ముందే తెలుసు కాబట్టి ఇంగ్లిష్ మాటలు వాటంతట అవే అర్థమవుతాయి. డిక్షనరీ తీసే పని సగం తగ్గుతుంది. తర్వాత పేపర్ మూసి, ఐదు వాక్యాల్లో అదేమిటో మీ మాటల్లో రాయండి. మొదట తెలుగులో రాయండి, ఆరు నెలల తర్వాత ఇంగ్లిష్‌లో. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ నోట్‌బుక్ చూసుకుంటే సిగ్గేసేది. కానీ ఆ నోట్‌బుక్కే నాకు తర్వాత పిటిషన్లు రాయడం నేర్పింది. ఎన్‌ఎల్‌శాట్‌లో రాయాల్సిన భాగం ఉందన్నాను కదా, దానికి ఇంతకు మించిన తయారీ నాకు తెలియదు.

రెండో ఏడాది రాజ్యాంగం మొదలుపెట్టండి. గైడు కాదు, అసలు పుస్తకం. తెలుగులోనూ దొరుకుతుంది. ఒక్కో రోజు ఒక్కో ఆర్టికల్. 21 చదివాక 22 చదవండి, అరెస్టయిన మనిషికి లాయర్‌ను సంప్రదించే హక్కు అక్కడ ఉంటుంది. 39ఏ చదవండి, పేదవాళ్లకు ఉచిత న్యాయ సహాయం సంగతి. చట్టాల మూల పాఠాలు ప్రభుత్వ వెబ్‌సైట్ ఇండియా కోడ్‌లో ఉచితంగా ఉన్నాయి. సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా పెట్టారు, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. ఫోన్ మీ చేతిలోనే ఉంది, రీల్స్ చూసే టైంలో పావు వంతు దీనికి ఇవ్వండి.

ఒక జాగ్రత్త. కోఠిలో సెకండ్ హ్యాండ్ గైడ్లు కొంటారు, అన్నలు వాడిన పుస్తకాలు తెచ్చుకుంటారు. మంచిదే. కానీ 2024 జూలై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే పాత చట్టం ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 302 అంటే హత్య, 420 అంటే మోసం అని మన నోళ్లలో నానిపోయింది. ఇప్పుడు హత్యకు శిక్ష 103వ సెక్షన్‌లో, మోసం 318లో ఉన్నాయి. 511 సెక్షన్లు 358 అయ్యాయి. నేర విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ బదులు భారతీయ సాక్ష్య అధినియం. పాత గైడు చదివి రాస్తే జవాబు తప్పవుతుంది. భూమి చట్టాలు కూడా అంతే. 1971 నాటి పట్టాదారు పాస్‌బుక్కుల చట్టం పోయి 2020లో కొత్త చట్టంతో ధరణి పోర్టల్ వచ్చింది, 2025లో భూభారతి చట్టం వచ్చింది. ఎందుకు మారాయి, సాదాబైనామాల గురించి ఒక్కోదాంట్లో ఏముంది? ఈ ప్రశ్న పట్టుకుని మీ ఊరి పహాణీ, అంటే భూమి ఎవరి సాగులో ఉందో రాసే రికార్డు దగ్గర మొదలుపెడితే, హైదరాబాద్ పిల్లలకు లేని అవగాహన మీకు వస్తుంది. వాళ్లు పుస్తకంలో చదివేది మీ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది.

మీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంటర్‌లో ఉంటే వాళ్లకు ఇంకో దారి ఉంది. ఇంటర్ తర్వాత డిగ్రీ, లా కలిపి చదివే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు, దానికి నేషనల్ లా యూనివర్సిటీల ఉమ్మడి పరీక్ష క్లాట్. 2 గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు పోతుంది. పరీక్ష డిసెంబర్‌లో, అంటే ఇంటర్ సెకండియర్ మధ్యలో. మన షామీర్‌పేటలో 1998లో పెట్టిన నల్సార్ దేశంలో పేరున్న లా యూనివర్సిటీల్లో ఒకటి. నల్గొండ నుంచి బస్సెక్కితే మధ్యాహ్నానికి ఉండే ఊరు, అయినా అక్కడ ఒక యూనివర్సిటీ ఉందని ఇక్కడ ఇంటర్ పిల్లల్లో చాలామందికి తెలియదు. ఫీజులు లక్షల్లో ఉంటాయి, నిజమే. కానీ స్కాలర్‌షిప్‌లు, బ్యాంకు లోన్లు ఉన్నాయి. పేద పిల్లలను క్లాట్‌కు తయారు చేయడానికి షమ్నాద్ బషీర్ అనే ప్రొఫెసర్ 2010లో ఐడియా అనే సంస్థను మొదలుపెట్టారు. ఆయన 2019లో చనిపోయారు, సంస్థ పని మాత్రం సాగుతోంది. చెల్లెళ్లకు ఈ పేర్లు చెప్పండి. మీలో కొందరు ఇప్పుడు డిగ్రీ వదిలేసి క్లాట్ రాయాలా అని అడుగుతారు. వయసు అడ్డం లేదు, ఇంటర్‌లో 45 శాతం ఉంటే రాయవచ్చు. అయినా నేను వదలమని చెప్పను. చదివిన ఏళ్ల ఖర్చు మీ అమ్మానాన్నలది.

అమ్మానాన్నలంటే గుర్తొచ్చింది. లా అనగానే ఇంట్లో ఒప్పుకోరు. కోర్టులో గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అంటారు. ఆ మాట అనుభవంలోంచి వచ్చింది, దాన్ని కొట్టిపారేయొద్దు. వాళ్లకు పాలమూరు బిడ్డల సంగతి చెప్పండి. కల్వకుర్తి దగ్గర పడకల్‌లో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు గారు పూణే వెళ్లి చదివి, లా చేసి, హైదరాబాద్‌లో ప్రాక్టీస్ పెట్టి, 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి అయ్యారు. గద్వాల వైపు నుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారు బీఎల్ అనే లా డిగ్రీ చదివి, 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. మన దగ్గర తెలుగు బడులే సరిగా లేని రోజులవి.

జడ్జి కావాలనుకునే వాళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు ఒక మాట. 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీస్ మళ్లీ తప్పనిసరి. డిగ్రీ మూడు, ఎల్‌ఎల్‌బీ మూడు, ప్రాక్టీస్ మూడు. ఈ తొమ్మిదేళ్ల లెక్క ఇంట్లో ఇప్పుడే కూర్చుని మాట్లాడండి, పెళ్లి సంబంధాల మధ్యలో కాదు. ఇంకో తీర్పు 2024 జూలైలో వచ్చింది. అడ్వకేట్‌గా ఎన్‌రోల్ కావడానికి జనరల్ వాళ్ల దగ్గర 750, ఎస్సీ ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి ఫీజు తీసుకోకూడదని చెప్పింది. అంతకుముందు వేలకు వేలు కట్టాల్సి వచ్చేది. మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఆ డబ్బు లేక ఏడాది ఆగింది.

ఇక చివరగా, కోర్టు. కోర్టు హాల్లోకి ఎవరైనా వచ్చి వెనక బెంచీ మీద కూర్చోవచ్చు, చాలా కేసుల విచారణ బహిరంగంగానే జరుగుతుంది. నేను డిగ్రీలో ఉండగా ఈ సంగతి తెలియక మూడేళ్లు కోర్టు గోడ పక్కనుంచి నడిచి వెళ్లాను. మీ సార్‌తో మాట్లాడాను. వచ్చే నెల నుంచి ప్రతి బుధవారం ఆరుగురు చొప్పున నాతో రావచ్చు. పదిన్నరకు బెంచ్ మొదలవుతుంది, పది గంటలకల్లా గేటు దగ్గర ఉండండి. ఐడీ కార్డు తెచ్చుకోండి, లోపలికి వెళ్లేముందు ఫోన్ స్విచాఫ్ చేయండి. ఒక నోట్‌బుక్ తెచ్చుకోండి. లంచ్ టైంలో లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసు కూడా చూపిస్తాను. అక్కడ ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను పెడతారు, 15100 నంబర్‌కు ఫోన్ చేసినా సలహా చెప్తారు. జనానికి న్యాయ సహాయం అందేలా తోడ్పడే పారా లీగల్ వాలంటీర్‌గా చేరే పద్ధతి కూడా అక్కడే తెలుస్తుంది.

పేర్ల కాగితం ఇటు నుంచి పంపిస్తున్నాను. ముందు ఫస్టియర్ వాళ్లు రాయండి. పేరు పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే రాయండి.